ఈ రాణి ఎవరు: కేథరిన్ హోవర్డా, క్లీవ్స్ ఆన్‌నా?

హాన్స్ హోల్బైన్ 1540 ప్రాంతంలో గీసిన ఈ సూక్ష్మచిత్రం అరచేతిలో ఇమిడిపోతుంది. బ్రిటన్ రాచకుటుంబ సేకరణలో ఉంది. చిత్రకారుడి విషయంలో పేచీ లేదు. చిక్కంతా అందులోని స్త్రీ ఎవరన్నదే. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ నాలుగో భార్య ఆన్‌నా, అయిదో భార్య కేథరిన్‌నా?

కేథరిన్ పక్షాన ఉన్న గట్టి ఆధారం నగలు. వియన్నాలోని చిత్రంలో మూడో రాణి జేన్ సీమోర్ ధరించిన పతకమే ఈమె మెడలోనూ ఉంది. అయితే రాణుల నగలు ఒకరి నుంచి ఒకరికి చేరేవి కనుక, ఆ పతకం ఈమె రాణి అని చెబుతుందే తప్ప ఏ రాణో చెప్పదు.

ఆన్ పేరును కళా చరిత్రకారిణి ఫ్రానీ మోయిల్ 2021లో ముందుకు తెచ్చారు. 1539లో హోల్బైన్ గీసిన ఆన్ ముఖంలోని బరువైన కనురెప్పలను ఇక్కడా చూపించారు. చిత్రం అతికించిన పేకముక్క డైమన్ నాలుగు. నాలుగో భార్యకు సంకేతమన్నారు. ఈ రెండో వాదన నాకు మింగుడుపడదు. పేకముక్కల మీద అతికించడం ఆనాటి చిత్రకారులకు మామూలే.

ముఖాల పోలిక మాత్రం తీసిపారేయలేను. అయినా అది ఏకపక్ష పోలిక: నిర్ధారణగా కేథరిన్‌దని చెప్పగల చిత్రం ఒక్కటీ మిగల్లేదు. పైగా ఆన్ రాణిగా ఉన్నది 1540 జనవరి నుంచి జూలై వరకే; రాణి నగలతో చిత్రం గీయించుకోవడానికి అది తక్కువ వ్యవధి. అందుకే నా మొగ్గు ఇంకా కేథరిన్ వైపే, కొద్దిగా.