పులికాట్ బర్డ్ ఫొటోగ్రఫీ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఈ చలికాలం పులికాట్ సరస్సుకి వెళ్లి ఫ్లెమింగోల ఫొటోలు తీద్దామనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 'వింటర్ బర్డ్ స్పెషల్' అంటూ ఫోన్లలో తిరిగే ప్రకటనలు మీ కంట కూడా పడే ఉంటాయి. సూళ్లూరుపేట నుంచి బండి, ఎక్స్‌పర్ట్ గైడ్, పక్షుల మధ్యలోకి ప్రైవేట్ బోటు, టిఫిన్, భోజనం. మనిషికి రూ.6,500. అలాంటి ఒకదానికి నేను డబ్బు కట్టాను. వాళ్ల పేరు రాయడం లేదు. రేపు ఇంకో పేరుతో వస్తారు, పద్ధతి మాత్రం అదే ఉంటుంది. అందుకే పద్ధతి చెప్తాను.

ముందు ఆ ప్రకటనలో ఫొటో చూడండి. ముదురు గులాబీ ఒళ్లు, ముక్కంతా ముదురెరుపు. అది లెస్సర్ ఫ్లెమింగో. పులికాట్‌లో గుంపులుగా దిగేవి గ్రేటర్ ఫ్లెమింగోలు. వీటి ఒళ్లు దాదాపు తెలుపు, ముక్కు లేత గులాబీ, దాని కొస నలుపు. రెక్క విప్పితే తప్ప వీటి రెక్కల్లోని ఎరుపు సరిగ్గా కనబడదు. ఈ తేడా అడిగితే మా గైడ్ "ఎండ పడితే రంగొస్తుంది సార్" అన్నాడు. ఎక్స్‌పర్ట్ సంగతి అక్కడే తేలిపోయింది.

ఉదయం 5:30కి పికప్ అని మెసేజ్ పెట్టారు. బండి వచ్చేసరికి ఎనిమిది దాటింది. ఇంకో హోటల్లో ఇంకో కుటుంబాన్ని ఎక్కించుకుని, టిఫిన్‌కి ఆగి, భీమునివారిపాళెంలో పడవ ఎక్కేటప్పటికి పదకొండు. పులికాట్ పెద్ద లోతుండదు. ఎండ ముదిరాక ఆ నీటి మీద గాలి సెగలా కదులుతుంది, దూరంగా ఉన్న పక్షి అందులోంచి అలల్లో ఊగుతున్నట్టు కనిపిస్తుంది. మాతో ఉన్న కుర్రాడు 600 ఎం.ఎం. లెన్స్ అద్దెకి తెచ్చుకున్నాడు. తీసిన ప్రతి ఫొటో జూమ్ చేసి చూడటం, పక్షి కన్ను షార్ప్‌గా రాలేదని సెట్టింగులు మార్చడం, మళ్లీ తీయడం. లెన్స్‌లో ఏ లోపమూ లేదు, టైమే తప్పు. ఆ టెన్షన్‌లో పాపం వాడు పక్షుల్ని చూడనే లేదు.

ఇంతకంటే నాకు కోపం తెప్పించింది పడవలో జరిగింది. గుంపు తలలు నీళ్లలో పెట్టి మేస్తోంది. పడవాయన దూరంలోనే ఇంజిన్ ఆపబోయాడు. గైడ్ ఊరుకోలేదు. "అన్నా, ఇంకా లోపలికి పోనీ. ఎగరాల. సార్లకి ఫ్లయింగ్ షాట్ కావాల" అని తొందర పెట్టాడు. ముందు మేత ఆగింది, మెడలన్నీ నిటారుగా లేచాయి, తర్వాత మాకు వీపు తిప్పి నడవడం మొదలుపెట్టాయి. చాలు, ఇక దగ్గరికి రావద్దని అవి చెప్పే తీరు అది. మేం ఆపమంటున్నా గైడ్ వినలేదు, పడవని ముందుకే తోలించాడు. మొత్తం గుంపు లేచిపోయింది, కెమెరాల్లో మిగిలినవి తోకలు. తర్వాత "డ్రోన్ షాట్ కావాలా, ఇంకో రూ.1,500" అని బేరం! అది అభయారణ్యం, పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం. అనుమతి లేకుండా అక్కడ డ్రోన్ లేపితే కేసు మన మెడకే చుట్టుకుంటుంది. పడవాయన్ని ఏమీ అనను. దిగాక మాట్లాడితే తెలిసింది, మేం కట్టినదాంట్లో ఆయన చేతికి వచ్చేది చాలా కొంచెం.

రీఫండ్ అడిగితే వచ్చిన జవాబు: "పక్షులు ప్రకృతి కదా సార్, మా చేతిలో ఏముంది?" పక్షులు రాలేదని ఎవరన్నారు? అవి వచ్చాయి. పొద్దున్నే తీసుకెళ్లడం, దూరంగా ఆపడం, ఈ రెండూ వీళ్ల చేతిలోవే, డబ్బు తీసుకున్నదీ వాటికే. బిల్లు లేదు. యూపీఐలో డబ్బు పోయింది కంపెనీకి కాదు, ఎవరో వ్యక్తి ఖాతాకి. మెసేజ్‌లన్నీ దాచి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను.

అసలు ఇంత ఖర్చే అక్కర్లేదు. చెన్నై నుంచి సూళ్లూరుపేటకి లోకల్ రైళ్లున్నాయి. అక్కడ ముందురోజే ఒక ఆటో మాట్లాడుకుని, చీకటితో శ్రీహరికోట రోడ్డు పట్టండి. ఆ రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపున్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది. బండి దిగకుండా తీస్తే అవీ బెదరవు. నీళ్లు మరీ ఎక్కువున్న ఏడాది ఫ్లెమింగోలు దూరంగా చెదిరిపోతాయి, ఆ సంగతి ఆటోవాళ్లనే అడగండి. ఎండెక్కాక నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లొచ్చు. పులికాట్‌లో చేపలు పట్టుకెళ్లి గూడబాతులు (పెలికాన్లు) పిల్లలకి పెట్టేది అక్కడి నీళ్లలో పెరిగే కడప చెట్ల మీదే.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు మిగతా డబ్బు ఆపండి. నీళ్ల మీదికి ఎన్నింటికి చేరుస్తారో, ఆలస్యమైతే ఎంత తిరిగిస్తారో మెసేజ్‌లో రాయించుకుని అప్పుడు కట్టండి. నాకు డబ్బు ఇంకా రాలేదు, వస్తే ఇక్కడే రాస్తాను.