డ్రైసూట్‌తో లాబ్‌స్టర్ వేట: తిరుపతి నుంచి శాన్ డియాగోకి వెళ్లేవాళ్లకు

తిరుపతికి అందుబాటులో స్కూబా (గాలి సిలిండరుతో నీటి అడుగుకి దిగే డైవింగ్) నేర్చుకోవడానికి పుదుచ్చేరి ఉంది. డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని డైవింగ్ సూట్) అలవాటుకు మాత్రం అది పనికిరాదు. అక్కడి నీళ్లు 27–30 డిగ్రీలుంటాయి, సూట్ తొడుక్కుని పడవలో పది నిమిషాలు కూర్చుంటే చెమటకే లోపలంతా తడిసిపోతుంది. నీళ్లలో ఒక్కచోట నిలకడగా తేలడం వరకు అక్కడ నేర్చుకోండి, చాలు. డైవ్ చేసొచ్చిన రోజే అలిపిరి మెట్లెక్కకండి. తిరుమల 800 మీటర్లకు పైనే ఉంది. డైవ్‌లో ఒంట్లో కరిగి మిగిలిన నైట్రోజన్‌కి ఆ ఎత్తు, ఆ ఆయాసం రెండూ పడవు. విమానానికిలాగే కొండకీ 18 గంటలు ఆగడం మేలు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న శాన్ డియాగోలో లాబ్‌స్టర్ (పెద్ద రొయ్యలాంటి సముద్రజీవి) సీజన్ సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట్లో మొదలై మార్చి మధ్య దాకా. అక్టోబరులో నీళ్లు ఇంకా నులివెచ్చగానే ఉంటాయి, 7 మి.మీ. వెట్‌సూట్ (లోపల తడిసినా వెచ్చగా ఉంచే దళసరి రబ్బరు సూట్) సరిపోతుంది, డ్రైసూట్ అద్దె దండగ. డిసెంబరు తర్వాత 14 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. రాత్రి గాలిలో రెండో డైవ్ కోసం పడవ మీద గంటసేపు కూర్చున్నప్పుడు తెలుస్తుంది డ్రైసూట్ విలువ. డ్రైసూట్ కోర్సు కార్డు లేకపోతే చాలా షాపులు అద్దెకివ్వవు కాబట్టి మొదటి రెండు రోజులు కోర్సుకే వదిలేయండి.

సూట్ తీసుకునేటప్పుడు రంగు కాదు, మణికట్టు దగ్గరి సీల్ (నీళ్లు దూరకుండా చర్మానికి అతుక్కునే లేటెక్స్ రబ్బరు అంచు) చూడండి. లాబ్‌స్టర్‌ను గట్టిగా అదిమిపట్టగానే మణికట్టు స్నాయువులు (టెండన్లు) ఉబ్బి, వాటి మధ్య గాడి పడుతుంది. నీళ్లు దూరేది అక్కడే. సీల్‌ను నాలుగు వేళ్ల మేర పైకి జరిపితే చాలావరకు ఆగుతుంది. డ్రైగ్లవ్స్ ఇంకా నయం, కానీ ముళ్లు గుచ్చుకుంటే చిల్లే. పైన దళసరి పనిగ్లవ్స్ తప్పవు. సీల్‌కి రాసే పౌడరు వాసన లేనిదై ఉండాలి, సెంటు నూనెలు లేటెక్స్‌ను తినేస్తాయి.

రాతి సందులో తల దూర్చినప్పుడే అసలు ప్రమాదం. సూట్‌లోని గాలంతా కాళ్లలోకి చేరి మనిషిని తలకిందులుగా పైకి లాగుతుంది. ఒంటికి సూట్ నొక్కుకోకుండా ఉండేంత గాలే ఉంచుకోండి. కాళ్లు లేస్తున్నట్టు అనిపించగానే మోకాళ్లు ముడిచి దొర్లి, ఎడమ భుజం మీది గాలి వదిలే వాల్వ్ పైవైపుకి వచ్చేలా భుజం ఎత్తి గాలి వదలండి. మోకాలి ప్యాడ్‌లు లేని సూట్‌తో రాళ్ల మీద పాకొద్దు.

ఇక్కడి లాబ్‌స్టర్ జాతికి పీతకుండేలాంటి డెక్కలు (పట్టకారు గోళ్లు) ఉండవు. మీసం పట్టుకుంటే మీసమే చేతికొస్తుంది, వీపు చిప్పను నేలకు అదమాలి. చేతులతోనే పట్టాలి, కొక్కెం గానీ ఈటె గానీ నిషేధం. కంటి గుంత వెనక అంచు నుంచి చిప్ప చివరిదాకా 3.25 అంగుళాలు లేకపోతే అక్కడికక్కడే వదిలేయాలి. మనిషికి రోజుకి 7. లైసెన్సు, లాబ్‌స్టర్ రిపోర్ట్ కార్డు, కొలబద్ద వెంట ఉండాలి.

ఒడ్డు నుంచి దిగడం చవక, కానీ జిప్‌లో ఇసుక, మీద కెరటాలు. పేరు విని లా హోయా (La Jolla) కోవ్‌కి వెళ్తే అది రిజర్వ్, వేట నేరం. పాయింట్ లోమా దగ్గరి కెల్ప్ (పొడవాటి సముద్రపు నాచు) అడవి వైపు వెళ్లే పడవకే మా ఓటు. కెల్ప్ తీగలు వాల్వ్‌కి చుట్టుకుంటే గుంజొద్దు, వెనక్కి జరిగి విడిపించుకోండి. రాత్రంతా పడవలోనే పడుకునే ట్రిప్పైతే కాపలాకి ఎవరు మేలుకుంటారో అడగండి. 2019 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ దీవి దగ్గర, రాత్రి కాపలా లేని డైవింగ్ పడవ కాలిపోయి 34 మంది చనిపోయారు.

బసకి సముద్రం కనిపించే గది కంటే వంటగది, స్నానపు తొట్టి ఉన్న గది మేలు. వేటాడిన సరుకు అక్కడే వండుకోవాలి, సూట్‌ను మంచినీళ్లలో కడిగి నీడలో వేలాడదీయాలి. అల్లం వెల్లుల్లి ముద్ద ఎక్కువ దట్టిస్తే ఆ మాంసం తీపి పోతుంది, మిరియాలు, కరివేపాకు చాలు.

సొంత సూట్ కొని తెచ్చుకుంటే మే నెల తిరుపతి ఎండలో కారు డిక్కీలో వదిలేయకండి, లేటెక్స్ జిగురై అంటుకుపోతుంది. సీల్స్‌కి పౌడరు చల్లి, జిప్ తెరిచి, మడత గట్టిగా పడకుండా చుట్టి, చీకటి బీరువాలో పెట్టండి.