ఎనిమిదేళ్లుగా వాడుతున్న గీతల గేజ్

చుక్కల అట్టతో తపాలా బిళ్లల అంచున చిల్లుల వల్ల ఏర్పడే పళ్లు కొలిచిన కాలం నాకు బాగా గుర్తుంది. అందులో 13, 13½, 14 అని మెట్లు మెట్లుగా వరుసలుంటాయి, రెండు సెంటీమీటర్లలో ఎన్ని పళ్లున్నాయో ఆ అంకె. బిళ్ల ఏ వరుసకూ పూర్తిగా కుదరకపోతే దగ్గరిదేదో రాసుకుని సరిపెట్టుకునేవాణ్ణి. ఎనిమిదేళ్ల కిందట మా మేనమామ హైదరాబాదు నుంచి ఈ పారదర్శకమైన ప్లాస్టిక్ గేజ్ తెచ్చి ఇచ్చారు. దీని గీతలు ఒకవైపు దూరంగా మొదలై రెండోవైపుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. బిళ్ల మీద పెట్టి మెల్లగా జరుపుతూ ఉంటే, ఒకచోట మొదటి పంటి నుంచి చివరి పంటి దాకా ప్రతి కొనా ఒక్కో గీత మీద నిలుస్తుంది. అక్కడి అంకె చదువుకోవడమే. ఇప్పటికీ ఆ కుదురు చూసినప్పుడల్లా ప్రాణం లేచి వస్తుంది.

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో ముత్తాతగారి ఉత్తరాల కట్ట ఒకటి ఉంది. ఖమ్మం వైపు బంధువులు రాసినవి కాబట్టి వాటి మీద నిజాం బిళ్లలున్నాయి. 1871లో మొదలైన అర అణా బిళ్ల అది. విలువ నాలుగు భాషల్లో ఉంటుంది, అందులో మన తెలుగూ ఉంది. అదే బొమ్మ దశాబ్దాలపాటు 11½ పళ్లతోనూ, 12½ పళ్లతోనూ వచ్చింది. రంగును నమ్మి విడదీయలేం, పళ్లు లెక్కించాల్సిందే. కవరు నుంచి ఊడదీయకుండానే పైన పెట్టి కొలవగలగడం నాకు ఈ గేజ్ చేసిన పెద్ద ఉపకారం.

ఇక అసలు సంగతి. గీతలు అరిగిపోతాయన్న భయంతో రెండేళ్ల కిందట గేజ్‌ను స్కాన్ చేయించి, అరండల్‌పేటలో ఒక జిరాక్స్ దుకాణంలో పారదర్శకమైన షీటు మీద ప్రింటు తీయించాను. అసలుది బీరువాలో పెట్టి మూడు నెలలు ప్రింటుతోనే పని చేశాను. నిజాం బిళ్లలు కొన్ని 12 దగ్గర ఆగాయి. అటు 11½ కావు, ఇటు 12½ కావు. కాగితం సాగిందేమో అనుకున్నాను. మిత్రులిద్దరికి ఇచ్చిన ప్రింట్లలోనూ అదే లెక్క రావడంతో నా అనుమానం పోయింది. అది నా పొరపాటు, అవీ అదే స్కాన్ నుంచి తీసినవే గదా.

చివరికి పట్టించింది విక్టోరియా రాణి నీలం అర అణా బిళ్ల. లండన్‌లో డి లా రూ వారు మన దేశానికి అచ్చు వేసిన ఆ బిళ్లలకు 14 పళ్లే ఉంటాయి. నా ప్రింటు మాత్రం 13½ అంది. మరో ఆరు బిళ్లలు తీశాను, అన్నీ 13½. ఏడూ నకిలీలు కావడం కుదరదు గదా! అప్పుడు ప్రింటులో 20 మిల్లీమీటర్లని ఉన్న గీత మీద స్కేలు పెట్టాను. 19.4 మాత్రమే ఉంది. కాగితానికి సరిపడేలా కుదించమన్న ఎంపిక కంప్యూటర్‌లో తీసేయకపోవడంతో నూటికి మూడు వంతులు తగ్గిపోయింది. 1866లో పారిస్‌లో డాక్టర్ లెగ్రాన్ పెట్టిన పద్ధతి అంతా రెండు సెంటీమీటర్లలో ఎన్ని పళ్లు అన్నదే. ఆ రెండు సెంటీమీటర్లే తగ్గితే 14 కాస్తా 13.6 అవుతుంది, 12½ ఇంచుమించు 12 అవుతుంది. ఆల్బమ్‌లో పెన్సిలుతో రాసినవన్నీ చెరిపి మళ్లీ కొలిచాను. ఇప్పుడు ఏ గేజ్ చేతికొచ్చినా ముందు ఆ నీలం బిళ్ల పెట్టి చూస్తాను.

ఈ గేజ్ మీద చదివే దశాంశాల గురించి మిత్రుల దగ్గర గొప్పగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు పావు తేడా వరకే నమ్ముతున్నాను. మూల పన్ను విరిగినా, నీటిలో నానబెట్టిన బిళ్ల పూర్తిగా ఆరకపోయినా అంకె కదులుతుంది. వానాకాలంలో తీసిన బిళ్లను రెండు రోజులు బరువు కింద ఉంచి గానీ కొలవను. ట్యూబులైటు కింద గీత నీడ పడి రెండుగా కనిపిస్తుంది, అందుకని పగలు కిటికీ దగ్గరే కూర్చుంటాను.

నేను పోగుచేసేవి నిజాం, బ్రిటిష్ కాలపు బిళ్లలు. నాకు ఇది లేకుండా గడవదు. కొత్తగా విడుదలయ్యే బిళ్లలు మాత్రమే కొనేవారికి దీని అవసరం ఎంతో చెప్పలేను. నా కళ్లద్దాలు మార్చాక చదవడం కొంత తేలికైంది కాబట్టి, చూపు మందగించినవారు ఒకసారి చేతిలోకి తీసుకుని చూశాకే కొనడం మంచిది.