సెమినార్ టాక్‌కి సుద్దముక్క మేలా, స్లైడ్లు మేలా?

గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలోనైనా, ఉస్మానియాలోనైనా, కంది ఐఐటీలోనైనా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో టాక్ ఇవ్వమనగానే రీసెర్చ్ స్కాలర్ తన సీనియర్‌ని అడిగే మాట ఒకటే: "అన్నా, బోర్డా? స్లైడ్సా?" ఇరవై ముప్పై మంది ముందు గంటసేపు ప్రూఫ్‌తో సహా చెప్పే సెమినార్ అయితే నా ఓటు బోర్డుకే. మిగతా చోట్ల లెక్క వేరు.

స్లైడ్‌లో లెమ్మా (పెద్ద సిద్ధాంతానికి మెట్టుగా వాడే చిన్న ఫలితం) మొత్తం ఒక్క క్లిక్‌తో వచ్చి పడుతుంది. చెప్పేవాళ్లకు అది నెలల తరబడి నలిగిన విషయం, వినేవాళ్లకు అప్పుడే తొలిపరిచయం. కొత్త గుర్తులు రెండు బుర్రలోకి ఎక్కేలోపే తర్వాతి స్లైడ్ వచ్చేస్తుంది. బోర్డు దగ్గర ఆ పప్పులుడకవు. చెయ్యి ఎంత వేగంగా రాస్తే టాక్ అంతే వేగంగా నడుస్తుంది, వెనక బెంచీలోని ఎమ్మెస్సీ విద్యార్థి కూడా నోట్స్ రాసుకుంటూ వెంట రాగలడు.

ప్రశ్నల దగ్గర తేడా ఇంకా బాగా తెలుస్తుంది. స్లైడ్ల టాక్‌లో ఎవరో చెయ్యెత్తి "సార్, ఆ డెఫినిషన్ ఉన్న స్లైడ్‌కి ఒకసారి వెళ్తారా?" అంటారు. స్పీకర్ వెనక్కి నొక్కుతూ పోతాడు, కావలసింది దాటిపోతుంది, మళ్లీ ముందుకు వస్తాడు. ఈలోగా అడిగినవాళ్లకు తామేం అడగాలనుకున్నారో గుర్తుండదు. బోర్డు మీద అరగంట క్రితం రాసిన డెఫినిషన్ ఎడమ మూలన అలాగే ఉంటుంది. "అక్కడ కంటిన్యుటీ సరిపోతుందా, యూనిఫాం కంటిన్యుటీ కావాలా?" అని, అంటే మామూలు షరతు చాలా, అంతకంటే గట్టిది కావాలా అని, కూర్చున్నచోటి నుంచే వేలు చూపించి అడగొచ్చు. స్పీకర్ ఒక్క క్షణం ఆగి, "క్లోజ్డ్, బౌండెడ్ ఇంటర్వెల్ (చివర్లు రెండూ కలిసిన, హద్దులున్న అంతరం) అనుకోండి, అప్పుడు రెండూ ఒకటే" అని పక్కనే ఓ మాట చేర్చి ముందుకు సాగుతాడు. ఆ ఒక్క సవరణతో గదిలో సగంమందికి దారి దొరుకుతుంది.

బోర్డు టాక్ అనగానే చెప్పుకునే పాత కథ ఒకటుంది. 2ని 67 సార్లు వేసి గుణించి, అందులోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధానసంఖ్య కాదని 1876లో ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ తేల్చాడు, కానీ దాని కారణాంకాలేమిటో అప్పట్లో ఎవరికీ తెలియదు. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఆ సంఖ్యను లెక్కగట్టి బోర్డు మీద ఒకవైపు రాశాడట. ఇంకోవైపు 193707721ని 761838257287తో గుణించుకుంటూ పోయాడట. రెండూ సరిపోయాక, నోరు విప్పకుండానే వెళ్లి కూర్చున్నాడని, హాలంతా చప్పట్లు కొట్టిందని అంటారు. ఆ రెండు సంఖ్యలూ స్లైడ్ మీద కనిపించి ఉంటే జనం సరేనని తలూపి టీకి లేచేవారు.

అయితే స్లైడ్లను తీసిపారేయడానికి లేదు. స్టాటిస్టిక్స్ వాళ్ల సిమ్యులేషన్ టేబుళ్లు, ఫ్లూయిడ్ డైనమిక్స్ వాళ్ల గ్రాఫులు సుద్దముక్కతో గీస్తే అయ్యే పని కాదు. హాలు పెద్దదైతే అసలు చర్చే అక్కర్లేదు. 2010 ఆగస్టులో ఇంటర్నేషనల్ కాంగ్రెస్ ఆఫ్ మ్యాథమెటీషియన్స్ మన హైటెక్ సిటీ దగ్గరి హెచ్ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌లో జరిగింది. అంత పెద్ద హాల్లో బోర్డు మీద రాసింది చివరి వరసకు ఏం కనిపిస్తుంది?

జిల్లాల్లో తెలుగు మీడియంలో డిగ్రీ చదివి వచ్చినవాళ్లు స్లైడ్లే కావాలనడానికి ఇంకో కారణం ఉంది, పైకి చెప్పరు. ఇంగ్లిష్ తడబడితే తెర మీదిది చూసి చదివేయొచ్చని ధైర్యం. ఆ టెన్షన్ నిజమైనదే, కానీ నా అనుభవంలో వాళ్లకే బోర్డు ఎక్కువ సాయం చేస్తుంది. రాస్తున్నంతసేపూ మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, ఆ సందులో తర్వాతి వాక్యం కూడగట్టుకోవచ్చు. స్లైడ్ ముందు మాట ఆగితే మాత్రం ఆ నిశ్శబ్దం అందరికీ తెలిసిపోతుంది.

జూమ్ టాక్‌ల సంగతి క్లుప్తంగా: తార్నాక నుంచి మెట్రోలో రాయదుర్గం దిగి, అక్కడినుంచి గచ్చిబౌలికి ఆటో పట్టుకుని రావడం తప్పుతుంది. అంతవరకే లాభం. కెమెరాలు ఆపేసిన నల్లగడులను చూస్తూ ప్రూఫ్ చెప్పాలంటే ఎంతటివాళ్లకైనా ఉత్సాహం చస్తుంది. టాక్ అయ్యాక ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ అడిగే అసలు ప్రశ్నలూ ఉండవు.

మొదటిసారి సెమినార్ ఇస్తున్నవాళ్లు బోర్డే ఎంచుకోండి. బొమ్మలుంటే రెండు మూడు స్లైడ్లు పక్కన పెట్టుకోండి, తెర దించితే బోర్డు ఎంత మూసుకుపోతుందో మాత్రం ముందే చూసుకోండి. సుద్దముక్కలు, తడిగుడ్డ మీరే తీసుకెళ్లండి. గదిలో ఉండే డస్టర్ చాలాసార్లు రాసింది చెరపదు, పులుముతుంది. పీహెచ్‌డీ ప్రీ-సబ్మిషన్‌కి (థీసిస్ ఇచ్చే ముందు చెప్పే టాక్‌కి) మాత్రం చాలాచోట్ల స్లైడ్లే అడుగుతారు, అక్కడ బేరాల్లేవు. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కాపీ ఒకటి వేసుకుని వెళ్లండి.