కూరగాయలు తెచ్చి తడి చెత్త పట్టుకెళ్లే చేవెళ్ల ఆటో: తీసుకోవచ్చా?

బండ్లగూడ జాగీర్ చుట్టుపక్కల ఉండేవాళ్లు చాలామంది ఈ చేవెళ్ల ఆటో గురించి అడుగుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. చేవెళ్ల దగ్గర ఒక ఊళ్లో పొదుపు సంఘం ఆడవాళ్లు కొంత భూమి కౌలుకు తీసుకుని కలిసి కూరగాయలు పండిస్తున్నారు. ఆదివారం పొద్దున ఆటో ట్రాలీలో మా అపార్ట్‌మెంట్‌కు తెస్తారు, పోయేటప్పుడు మన వంటింటి తడి చెత్త బకెట్లలో పట్టుకుపోతారు. నెల డబ్బు ముందే కట్టాలి, వారానికో బుట్ట ఇస్తారు. 2023 జూన్ నుంచి తీసుకుంటున్నాను. ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను.

ముందు కూరగాయల సంగతి. మనం అడిగింది రాదు, అక్కడ కాసింది వస్తుంది. ఈ సంగతి తెలియకుండా చేరినవాళ్లు నెల తిరక్కుండానే మానేశారు. వానాకాలంలో బీరకాయ, ఆనిగెపుకాయ (సొరకాయ), దోసకాయ, పుంటికూర (గోంగూర) మీద పడతాయి, చలికాలంలో చిక్కుడు, అనపగింజల కాయలు, టమాటా, వంకాయ, మెంతికూర. ఏప్రిల్, మే నెలల్లో బుట్ట బాగా పలచబడుతుంది, తడి గోనెసంచి కప్పి తెచ్చినా ఆకుకూర దారిలోనే వాడిపోతుంది. క్యాలీఫ్లవర్, క్యాప్సికం కావాలంటే రైతుబజారుకు వెళ్లాల్సిందే. "ఏది కాస్తే అదే తెస్తం అమ్మా" అని మొదటి రోజే చెప్పేశారు. నాకైతే ఇదే నచ్చింది. గంగవాయిలి కూర పప్పు మా ఇంట్లో ఎప్పుడో మర్చిపోయారు, ఇప్పుడు వానాకాలం వస్తే పిల్లలే అడుగుతున్నారు. బీరకాయ ఎంత లేతగా ఉంటుందంటే తొక్క పారేయబుద్ధి కాదు, నువ్వులు వేయించి వేసి పచ్చడి నూరితే కూర కంటే ముందు అదే అయిపోతుంది.

ధర విషయానికొస్తే, మామూలు రోజుల్లో రైతుబజారు కంటే కొంచెం ఎక్కువే పడుతుంది. కానీ 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి అందరూ గోల పెట్టినప్పుడు వీళ్లు బుట్ట ధర పైసా పెంచలేదు, టమాటాలు తక్కువ వచ్చాయంతే. ఆ తర్వాత రేటు పడిపోయి పంట అడిగే దిక్కు లేనప్పుడు మనమూ అదే ధర ఇచ్చాం. రైతు టమాటాలు రోడ్డు మీద పారబోశాడన్న వార్త ఏటా చదువుతూనే ఉంటాం కదా, వీళ్ల చేలో ఆ పరిస్థితి రాలేదు. మిగిలినవి కోసి టార్పాలిన్ మీద ఎండబెట్టి ఒరుగులు చేశారు. ఆ ఒరుగులే ఎండాకాలం పలచటి బుట్టలో చిన్న పొట్లంగా వస్తాయి. వంకాయ ఒరుగులు కూడా ఇస్తారు, చింతపులుసులో వేసి చూడండి.

మందులు కొట్టకుండా పండిస్తామని వీళ్లు చెప్పే మాట నమ్మొచ్చా అంటే, నేను చేను చూసొచ్చాను కాబట్టి నమ్ముతున్నాను. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి జీవామృతం చేసి పారిస్తున్నారు. సేంద్రియ సాగు సర్టిఫికెట్ మాత్రం లేదు. రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుని సర్టిఫికెట్ పొందే పీజీఎస్ పద్ధతి ఉంది, అందులో చేరమని చెప్పాను.

అసలు చెప్పాల్సింది చెత్త గురించి. చేను పక్కన వేపచెట్టు కింద కంపోస్టు కుప్పలున్నాయి. మన తడి చెత్త ఒక పొర, ఎండుటాకులూ వరిగడ్డీ ఒక పొర, మీద పేడనీళ్లు, మళ్లీ అదే వరస. ఎండు సరుకు తగ్గితే కుప్ప నీరుకారి కంపు కొడుతుంది. ఒక కుప్పలో గుచ్చి ఉంచిన ఇనుప చువ్వ బయటికి లాగి పట్టుకోమన్నారు. చెయ్యి పెట్టలేకపోయాను, అంత వేడి! లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే కలుపు విత్తనాలు, రోగాలు తెచ్చే క్రిములు చాలావరకు చచ్చిపోతాయి, అందుకే ఆ వేడి చూసుకుని కుప్ప తిరగేస్తారు. దాని పక్కనే ఒకావిడ కూర్చుని మా అపార్ట్‌మెంట్ బకెట్ గోనె మీద గుమ్మరించి చేత్తో ఏరుతోంది. రబ్బరు బ్యాండ్లు, యాపిల్ స్టిక్కర్లు, టీ బ్యాగుల పిన్నులు, అన్నిటికంటే ఎక్కువగా పాల ప్యాకెట్ల నుంచి కత్తిరించిన మూలలు. చిన్న ముక్కలు కదా, తొక్కల్లో కలిసిపోతాయి, ఒకసారి మట్టిలోకి వెళ్తే ఇక తియ్యలేం. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకుండా చిన్న గాటు పెట్టి వదిలేస్తే ఈ పని సగం తగ్గుతుంది. దయచేసి ఇంట్లో పనికొచ్చే అక్కకు కూడా చెప్పండి.

చెత్త వేరు చేయాలని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే చెప్పారు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల దాకా కూరగాయల వ్యర్థాలతో బయోగ్యాస్ తీసి కరెంటు చేస్తున్నారు, చాలా మంచి పని. నగరంలో ఇళ్ల చెత్త మాత్రం ఎక్కువగా అన్నీ కలిసిపోయి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతోంది. అలాంటప్పుడు మన తొక్కలు చేవెళ్ల చేనుకు ఎరువవుతున్నాయంటే నేను ఆ నెల డబ్బు సంతోషంగా కడతాను.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు. ఎనిమిదింటికి వస్తామని చెప్పి ఒక్కోసారి పదకొండు చేస్తారు, వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టరు. ఆటో ఒక్కటే, అది పాడైతే ఆ వారం బుట్ట లేనట్టే, చెత్త కూడా మన దగ్గరే ఉండిపోతుంది. ఖాళీ బకెట్లు సరిగ్గా కడగకుండా తెస్తారు, కొన్నిటికి మూతలు ఉండవు, లిఫ్టులో వాసన వస్తోందని మా బ్లాక్‌లో గొడవ కూడా అయింది. ఇవి సరిచేసుకోలేనివి కావు, వాళ్లకు నేరుగా చెప్పాను.

నాకున్న పెద్ద భయం వేరే. అది కౌలు భూమి. అటువైపు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల కోసం 1996లో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ జీవో 111 ఇచ్చారు, 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ ప్రభుత్వం ఇంకో జీవో ఇచ్చింది. మొయినాబాద్ దాటాక రోడ్డుకిరువైపులా ఫామ్‌హౌస్‌ల ప్రహరీలే కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఎరువు వేసి బాగుచేసుకున్న నేలను ఓనరు అమ్మేస్తానంటే వీళ్లు చేయగలిగింది ఏమీ లేదు. చందాదారులు ఎక్కువైతే కౌలు కాగితం మీద ఐదేళ్లకు రాయించుకునే ధైర్యం వస్తుందని సంఘం ఆడవాళ్లు అంటున్నారు.

చేరాలనుకునేవాళ్లు ముందు ఒక ఆదివారం ఆటో దగ్గరికి వచ్చి బుట్ట చూడండి. మూత ఉన్న బకెట్లు రెండు కొనుక్కోండి, ఒకటి వాళ్ల దగ్గరుంటే ఒకటి మీ దగ్గరుంటుంది. చెత్త వేరు చేయడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే డబ్బు కట్టండి.