టెన్త్ తర్వాత సాఫ్ట్‌వేర్ దారి: ఇంటరా, డిప్లొమానా?

దేవరకొండ, మిర్యాలగూడ దిక్కు టెన్త్ రిజల్ట్స్ వచ్చాయంటే ఇంట్లో మొదటి మాట ‘ఇంటర్ ఎంపీసీలో వేసేద్దాం’. మార్కులు తగ్గితేనే పాలిటెక్నిక్ డిప్లొమా ఊసు వస్తుంది. నాకైతే ఇది నచ్చదు.

లెక్క చూస్తే రెండూ ఆరేళ్లే. ఇంటర్ 2, బీటెక్ 4. పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరితే 3, డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్‌తో నేరుగా బీటెక్ సెకండియర్‌కి వెళ్తే ఇంకో 3.

అసలు తేడా పరీక్షలో ఉంది. ఇంటర్ వాళ్లు బీటెక్ సీటు కోసం రాసే ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కంప్యూటర్ మాటే లేదు. ఈసెట్‌లో 200 ప్రశ్నలైతే 100 సొంత బ్రాంచివే, అంటే కంప్యూటర్ డిప్లొమా వాళ్లకు కంప్యూటర్‌వే. సీ ప్రోగ్రాంలో ఒక్క సెమీకోలన్ మర్చిపోయి, స్క్రీన్ నిండా ఎర్రర్లు చూసి తల పట్టుకున్న డిప్లొమా పిల్లాడి గోస వృథా పోదన్నమాట. ఎంపీసీ పిల్లాడు అదే తిప్పలు బీటెక్‌లో చేరాక పడతాడు.

డిప్లొమాలోనూ తిరకాసు ఉంది. ఇట్లా నేరుగా సెకండియర్‌లో చేరే (లాటరల్ ఎంట్రీ) సీట్లు తక్కువ. మంచి కాలేజీలో సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలంటే ర్యాంకు గట్టిగా రావాలి. లెక్కలంటే ఇష్టపడేవాళ్లకు, ఐఐటీ మీద ఆశ ఉన్నవాళ్లకు ఎంపీసీయే మేలు. ఐఐటీ కోసం రాసే జేఈఈ సిలబస్‌కు దగ్గరి చదువు అదే.

పైసల ఇబ్బంది ఉన్న ఇంటికి మాత్రం నేను డిప్లొమానే చెప్తా. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో సర్కారు పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. డిప్లొమా అయ్యాక చదువు ఆపాల్సి వచ్చినా చేతిలో పని వచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది. ఒట్టి ఇంటర్ మెమోతో ఏ ఆఫీసు మెట్లెక్కుతాం? క్యాంపస్ సెలక్షన్ల దాకా వెళ్తే, చాలా ఫారాల్లో ఇంటర్‌కీ డిప్లొమాకీ ఒకటే గడి.