స్క్రైబస్, లిబ్రెఆఫీస్: అనంతపురం కరపత్రాల పనిలో ఐదేళ్ళ వాడకం

అనంతపురం టవర్ క్లాక్ చుట్టుపక్కల డీటీపీ పనంటే పొద్దున హంద్రీ-నీవా నీళ్ళ మీద ఎర్రజెండా వాళ్ళ కరపత్రం, మధ్యాహ్నం కాషాయం వాళ్ళది, సాయంత్రం పెళ్ళి పత్రిక. ఈ పనికి నేను వాడేవి పేజీలు పేర్చే స్క్రైబస్, ఆఫీసు పనుల లిబ్రెఆఫీస్. రెండూ ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించి మొదలుపెట్టిన దారి కదా, ఇదంతా కమ్యూనిస్టు సరుకని తేల్చేసేవాళ్ళున్నారు. లైసెన్స్ చదివితే ఆ మాట నిలవదు. ఈ సాఫ్ట్‌వేర్ ఇచ్చే నాలుగు స్వేచ్ఛల్లో సున్నా నంబరుదే మొదటిది: ఏ పనికైనా నడుపుకోవచ్చు. కేరళలో వామపక్ష ప్రభుత్వం దీన్ని నెత్తిన పెట్టుకుంది, 2015లో కేంద్రంలో బీజేపీ ప్రభుత్వమూ ఓపెన్ సోర్స్ విధానం తెచ్చింది. ఇలాగే స్వేచ్ఛగా దొరికే ‘ఎన్టీఆర్’ ఫాంటుతో అవతలి పార్టీ కరపత్రం కొట్టినా అడిగేవాడు లేడు!

అసలు రాజకీయం ఫైల్లో ఉంది. పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్‌లో అనూ ఫాంటుతో కొట్టిన ఫైలు ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే కనిపించేవి ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. అందులో దాచినది తెలుగు కాదు, ఆ ఫాంటు గీసే ముక్కల నంబర్లు. మన రాత తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉన్నట్టే. కన్వర్టర్‌తో, ఏ సిస్టంలోనైనా తెలుగుగానే ఉండే యూనికోడ్‌లోకి తెచ్చినా క్రావడి చోటు తప్పుతుంది. ప్రతి ‘ప్ర’, ‘క్ర’ కళ్ళతో చూసుకోవాల్సిందే.

స్క్రైబస్ 1.4 జోలికి పోవద్దు, ఒత్తులు విడిపోతాయి. 2024 జనవరిలో వచ్చిన 1.6 వేసుకోండి. టైపింగ్‌కి, లైనక్స్‌లో కీబోర్డు మార్చే ఐబస్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే తెలుగు యాపిల్ కీబోర్డు కూడా వస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది రంగు దగ్గర. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ పీడీఎఫ్‌ను తెర రంగుల్లో, అంటే ఆర్‌జీబీలో ఇస్తుంది. ఆఫ్‌సెట్‌కి వెళ్ళేసరికి నల్ల అక్షరం నాలుగు సిరాల (నీలం, గులాబీ, పసుపు, నలుపు) ప్లేట్ల మీదా పడి, మిషన్‌లో ఒక్క రంగు వెంట్రుకవాసి జరిగినా తలకట్ల చుట్టూ రంగు అంచు తేలుతుంది. అందుకే బొమ్మ ఇంక్‌స్కేప్‌లో, అక్షరం స్క్రైబస్‌లో. నలుపు 0-0-0-100 పెట్టి (నల్ల సిరా ఒక్కటే), పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో కలర్ ట్యాబ్‌లో ‘ప్రింటర్’ ఎంచుకోండి. ఫాంట్లు అవుట్‌లైన్ చేసి, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చి ఇస్తే ప్రెస్సు వాళ్ళతో పేచీ ఉండదు.

లోటేమిటంటే, చాలా ప్రెస్సులు ఇప్పటికీ కోరల్‌డ్రా ఫైలే అడుగుతాయి. లిబ్రెఆఫీస్ డ్రా దాన్ని తెరుస్తుంది గానీ లోపల అనూ ఉంటే మళ్ళీ అదే గోల. ఈ సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు అడిగేవాడు లేడు, చెడితే ఫోన్ చేయడానికి మనిషీ లేడు.

ఎన్నికల నోటిఫికేషన్ పడ్డాక మాత్రం ఈ సాఫ్ట్‌వేర్‌కి మారే పని మొదలుపెట్టకండి. ఆషాఢంలో పెళ్ళి పత్రికలు ఉండవు, పాత ఫైళ్ళ పని అప్పుడు పెట్టుకోండి.